అక్క చెప్పని మాట

కొన్నేళ్లుగా ఒక చిన్న రికార్డింగు బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో భాషాశాస్త్రం చదివే రోజుల్లో, పందొమ్మిదో శతాబ్దపు పోలండ్ భాషావేత్త ఒకాయన జీవితం మీద థీసిస్ రాశాను. సొంత దేశం పటంలో లేని కాలంలో పుట్టి, పరాయి ఊళ్లలో పాఠాలు చెబుతూ, వీలు దొరికినప్పుడల్లా పల్లెలకు వెళ్లి జనం మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్న మనిషి. ఎదురుగా కూర్చుని, అడిగి రాసుకున్నాడని తెగ మెచ్చుకున్నాను.

ఆ పని నేనూ చేసి చూపించాలనిపించింది. నాతో గది పంచుకున్న శ్రావణిది సిద్దిపేట. ఆమె మాట వింటూ ఉండిపోవాలనిపించేది. వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడేటప్పుడు రికార్డు చేసుకోనా అని అడిగాను.

"వద్దే. అక్కతోని మాట్లాడేది అక్కకే. నా మాటలు రికార్డు చెయ్యకు," అంది.

సరేనన్నాను. మర్నాడు వంటగదిలో బియ్యం డబ్బా వెనక నా ఫోన్ పెట్టాను. ఎందుకు? గడువు దగ్గర పడిందనా? కాదు. ఆమె వద్దనడం నాకు పెద్ద విషయంగా తోచలేదు, అంతే.

సెమినార్‌లో ఒకే వాక్యం వినిపించాను, మాటలోని రాగం చూపించడానికి. మూడోసారీ పరీక్ష పోయిందని, కోర్సులోంచి తీసేస్తారని, నాన్నకు తనే మెల్లగా చెప్పుకుంటానని ఆమె అక్కతో అన్న వాక్యం. గదిలో తెలుగు వచ్చినవాళ్లు నేను తప్ప లేరనుకున్నాను. చివరి వరసలో హైదరాబాదు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి, శ్రావణి గొంతు పోల్చుకున్నట్టు తలెత్తి చూసింది.

వారం తిరక్కుండా కబురు శ్రావణి వాళ్ల నాన్న దాకా పోయింది.

"అక్కకు తప్ప ఎవ్వలకు చెప్పలే. అక్కనే చెప్పింది," అంటూ శ్రావణి నా భుజం మీద ఏడ్చింది. వీపు నిమిరాను. నిమురుతూనే, నా పేరు రాలేదు, హమ్మయ్య అనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని.

తర్వాత శ్రావణి వేరే కోర్సు చదివి, ఇప్పుడు జర్మనీలోనే కార్ల్స్‌రూహెలో ఉద్యోగం చేస్తోంది. అక్కతో ఇంకా మాటల్లేవు. మొన్న అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కు వెళ్లలేదు. ఎవరో పంపిన ఫోటోలు మాత్రం నాకు చూపించింది, పాప అచ్చం తనలాగే ఉందని.

నా థీసిస్‌కు మంచి మార్కులే వచ్చాయి. ఆ వాక్యం కింద, మాట్లాడినవారి పేరు తెలియదని రాశాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకు చెబితే తప్పు తగ్గుతుందనీ కాదు. ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు అనాలి. శ్రావణీ, మీ అక్క ఎవరికీ చెప్పలేదు. నేను వినిపించాను.