సరోజత్తకు భాష రాదని రాశాను

ఆరేళ్ళుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలి పడకండి. నాకు నా మీద కోపంగా ఉంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

మాది తమిళం మాట్లాడే ఊరు. ఇక్కడ గోరిమేడు పెద్దాసుపత్రిలో ఒక పరిశోధన గదిలో పనిచేసేదాన్ని. మనిషి తలకు మెదడు అలల్ని గీతలుగా చూపే తీగల టోపీ పెట్టి తెర ముందు కూర్చోబెడతాం. వెలుగు ఏ పక్క మెరిస్తే దానికి ఎదురు పక్కకి చూడాలి. వెలుగు వైపే చూస్తే తప్పు. ఆ తప్పు వెలుగు రాకముందే మెదడులో మొదలవుతుందా అని మా సారు వెతుకుతుండేవారు. తప్పులు మరీ ఎక్కువైతే నరాల డాక్టరుకు చీటీ రాసి పంపాలి. అది నియమం.

పోలిక కోసం పెట్టుకున్న ఆరోగ్యవంతుల జాబితాలో ఒకరు తక్కువైతే మా వీధి సరోజత్తను తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేసిన మనిషి. ఇంట్లో తెలుగు, బయట తమిళం, రెండూ గలగలా మాట్లాడుతుంది. నేనే తెలుగులో విడమరిచి చెప్పాను. అయినా తప్పు మీద తప్పు చేసింది.

"ఎదురు పక్కకి చూడమన్నాను గదత్తా. అర్థం కాలేదా?"

"ఏంది పాపా, అర్థం కాకేమి? వెలుగు రాకమునుపే తెలస్తాది నాకు, ఈసారి తప్పు చేస్తానని. కన్ను దూకేదానికి కాచుకోనుంటాది. వద్దంటే వినేలేదు."

తప్పు చేసిన సార్లు, వెలుగుకు ముందరి గీతలు కుదురుగా లేవు. నేను చూశాను. సారు ఏళ్ళ తరబడి వెతుకుతున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. నేనేం చేశాను? చీటీ రాస్తే ఫారాలు నింపాలి, ఓపీలో ఆమె పక్కన రోజంతా నిలబడాలి, ఆరోగ్యవంతురాలని ఎవర్ని తెచ్చావని సారు చేత చీవాట్లు తినాలి. ఫారంలో ఇంకో గడి ఉంది: భాష తెలియక సూచనలు అర్థం కాలేదు. అందులో టిక్కు పెట్టాను. పరీక్ష చదువుకున్నవాళ్ళ భాషలో ఉంది, నీకు అర్థం కాలేదని ఆమెకూ చెప్పి ఇంటికి పంపాను.

ఈ ఊళ్ళో మా తెలుగువాళ్ళను ఎవరైనా ఆ గడిలోకి తోస్తే నాకు ఒళ్ళు మండేది. తోసింది నేనే. సిగ్గు లేదూ నాకు?

రెండేళ్ళకు ఆమె నడక తడబడింది. పడి తుంటి విరగ్గొట్టుకుంది. నరాల జబ్బన్నారు. ముందే వచ్చుంటే పడకుండా జాగ్రత్తలు చెప్పేవాళ్ళమని డాక్టరు అంటుంటే, అంతకుముందు నేను ఎగ్గొట్టిన ఆ ఓపీలోనే నిలబడి, ఏమీ ఎరగనట్టు తల ఊపాను.

ఇప్పుడు ఎవరు పలకరించినా మంచం మీద నుంచి నవ్వుతూ చెబుతుంది, ఆ పరీక్షలో తనకు భాష అర్థం కాలేదట, తానొక మొద్దట. నా అబద్ధాన్ని ఆమె నమ్మింది. వింటూ పళ్ళు కొరుక్కుంటాను. నోరు మాత్రం విప్పను.

ఆమెకు అర్థమైంది. గీతలు చూస్తూ కూర్చున్న నాకంటే బాగా అర్థమైంది. ఆ మాట ఫారంలో రాయాల్సింది, ఇక్కడ రాశాను. గుండె కాస్త తేలికైంది, దానికీ నా మీద కోపమే. ఎందుకంటే తెలుగులో రాశాను. ఆమెకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు, అది తెలిసే రాశాను.