అద్దంలో మిరప చేను

మొదటి పిట్ట చచ్చిపడినప్పుడు నేను పట్టించుకోలేదు. రెండోది పికిలిపిట్ట. మా పడమటి కిటికీ కింద సిమెంటు చప్టా మీద పడి ఉంది, ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. నాలుగు రోజులు తిరక్కుండా అదే చోట గోరింక. అప్పుడు నాకు అనుమానం పుట్టింది. నాకు పుట్టిన అనుమానం ఒకంతట పోదు.

ఆ కిటికీ ఎదురుగా దారి, దారి దాటితే మిరప చేను. మా ఊరావిడ ఒకామె కౌలుకి చేస్తోంది. మొగుడు పోయాక ఆమెకి ఆ చేనే ఆధారం. నన్ను బాబాయ్ అంటుంది. రోజూ చేలోకి పోతూ మా అరుగు మీద కూచుని, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళేది.

నాకు మందుల సంగతి తెలుసు. పత్తికి పురుగు పట్టిన ఏళ్ళలో షాపువాడు ఏ డబ్బా ఇస్తే అది తెచ్చి కొట్టాం. తెల్లారేసరికి గట్ల మీద కొంగలు కాళ్ళు చాచి పడి ఉండేవి. వాటిని ఏరి పూడ్చింది నేనే, ఆ మందు కొట్టిందీ నేనే. అందుకే గోరింకని చూడగానే నా చూపు దారి అవతలికి పోయింది.

గోరింక ముక్కు తెరిచి వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఈ కాలం మందులు వాసన తెలియకుండా తయారుచేస్తున్నారనుకున్నాను. గట్టు పక్కన ఆమె పారేసిన ఖాళీ డబ్బాలు తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నేను బళ్ళో చదివింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా పకోడీల పొట్లాల మీదా, ఇట్లాంటి డబ్బాల మీదా నేర్చుకున్నదే. పిట్టల మాట ఆ డబ్బాల మీద ఎక్కడా లేదు. లేదంటే దాచారన్నమాటే అనిపించింది.

మర్నాడు పొద్దున లకుముకిపిట్ట పడింది. నీలం రెక్క విచ్చుకుని ఉంది.

"అది మిరపకాయలు తింటదా? చేపలు తినే పిట్ట," అంది మా ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో," అని దాన్ని కాలు పట్టుకుని చేలోకి పోయాను. అప్పుడు కోత జరుగుతోంది. కూలి ముఠా ఆడవాళ్ళంతా సాళ్ళలో వంగి ఉన్నారు.

"ఏం మందు కొట్టావమ్మాయ్?"

"అందరూ కొట్టేదే బాబాయ్. కోతకొచ్చిందని ఆపి పదిహేను రోజులైంది."

"మరి ఇదేంది?"

"పిట్ట."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ నవ్వే నన్ను పాడుచేసింది.

"నవ్వండి, నవ్వండి. పిట్ట చచ్చే చేలో మనిషి బతుకుద్దా? ఇళ్ళకి పోయి మీ చేతులు చూసుకోండి," అన్నాను.

నవ్వు ఆగింది. మర్నాడు ముఠా రాలేదు.

పండిన కాయ చెట్టునే ఎండిపోతోంది. ఆమె పక్క ఊళ్ళకి పోయి అడిగింది. నా మాట ఆమెకన్నా ముందే అక్కడికి చేరింది. ఇంకో రెండు మూడు రోజులు కోత ఆగితే పైకాయంతా తెల్లబడి తాలవుతుంది. తాలు కాయని గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు.

మూడో రోజు తెల్లవారగానే ఆమె వచ్చింది. అరుగెక్కలేదు. నేరుగా కిటికీ పక్కకి పోయి, గోడ వారగా గొంతుక్కూచుంది.

"నా చేలోంచి చచ్చే పిట్ట ఎట్లా వస్తదో చూస్తా."

నేను లోపలి నుంచి ఆమెని చూస్తున్నాను. ఆ గది కట్టించినప్పుడు కిటికీ అద్దం నేనే ఏరుకున్నాను. "బయటివాళ్ళకి లోపల కనపడదండీ, మీకు బయటంతా కనపడుద్ది," అన్నాడు కొట్టువాడు. నాకు కావలసిందే అది. గట్టు ఎవడు జరుపుతున్నాడో, వామి నుంచి గడ్డి ఎవరు లాక్కుపోతున్నారో మంచం మీద నుంచే చూడొచ్చు.

ఎండ చేను మీద పడింది. ఒక పికిలిపిట్ట చేలోంచి లేచింది. ఏ జబ్బూ లేదు దానికి, రివ్వున నా మొహం మీదకే వచ్చింది. టప్‌మని చప్పుడు. నేను మంచం మీద ఎగిరిపడ్డాను.

"బాబాయ్, బయటికి రా."

నన్ను కూడా అక్కడ కూచోబెట్టింది. "ఏం కనపడతంది?"

అద్దం నిండా ఎర్రగా పండిన చేను, గట్టు మీద వేపచెట్టు, ఆకాశం.

"నీ చేను," అన్నాను.

"అదీ. నీ అద్దంలో చేలోకి పోబోయి చచ్చినయ్యి. నా చేలో కాదు."

అద్దం మీది దుమ్ములో రెండు రెక్కల అచ్చు పడి ఉంది, ఈకలు లెక్కపెట్టొచ్చు.

అయినా ఒప్పుకున్నానా? నోటితో ఒప్పుకోకుండా లోపల తెర కట్టించి ఊరుకున్నాను. మర్నాడు ఇంకో గోరింక. "పిట్ట బయట నుంచి కదా చూసేది!" అంది మా ఆవిడ. ఇక చెప్పులేసుకుని ముఠా మేస్త్రమ్మ ఇంటికి బయల్దేరాను.

"మొన్న విషమన్నావు, ఇయ్యాల అద్దమంటన్నావు. మధ్యలో నువ్వూ ఆ చేనామే కూడబలుక్కున్నారా పెద్దయ్యా?" అందామె. ఆమెకి అనుమానం నేర్పింది నేనే.

"నా మాట నమ్మొద్దు. వచ్చి చూడండి," అన్నాను.

వచ్చారు. మేస్త్రమ్మ చాలాసేపు చూసింది. రెక్కల అచ్చు మీద అరచెయ్యి ఆనించి తీసింది.

"మీ బ్యారన్‌లో పొగాకు కర్రలున్నయ్యా? పురికొస ఉందా?"

ఏటా బ్యారన్‌లో కాల్చడానికి పొగాకుని కర్రలకి కట్టే చేతులు వాళ్ళవి. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర, మధ్య నిలువుగా తాళ్ళు బిగించి అద్దానికి బయట కట్టేశారు. సందు నేను జానెడు చాలన్నాను. "జానెడులో పిట్ట దూరిపోదూ?" అని మేస్త్రమ్మ మూడు వేళ్ళు ఆనించి కొలిచింది. ఆ తాళ్ళు కట్టాక ఇంతవరకు పిట్ట పడలేదు. నేను మాత్రం మొహం కడుక్కోకముందే పోయి కిటికీ కింద చూసి వస్తున్నాను.

తాళ్ళు కట్టిన రోజే మళ్ళీ కోత మొదలైంది. కానీ పైకాయ అప్పటికే తెల్లబడింది. కల్లంలో ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క ఏరుతుంటే నేను పోయి నిలబడ్డాను. చేనామె తలెత్తలేదు. ఇంకా ఏరని గంపెడు కాయ తెచ్చి నా ముందు కుమ్మరించింది.

"నీ నోటి వల్ల తెల్లబడ్డ కాయ బాబాయ్. నువ్వే ఏరు."

కూచుని ఏరాను. పొద్దు నడినెత్తికి వచ్చింది. కళ్ళు మండుతున్నాయి. ఆమె ఒకసారి వచ్చి, నేను ఎర్రకాయల్లో వేసిన దాన్ని ఒకటి తీసి, ఎండకి పట్టి చూసి, తాలులో పడేసింది.