ఫ్లాపీలో దొరికిన పలక

నాకు కుదురు తక్కువ. అంగళ్లు అనే ఊళ్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం, మదనపల్లెలో అద్దె గది. సెలవు దొరికితే హిప్‌హాప్ బీట్లు కట్టడానికి కూర్చునేదాన్ని. ఒకటి సగమయ్యేలోపే ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. ల్యాప్‌టాప్ నిండా శబ్దాలే, ఏదీ నాది అనిపించేది కాదు.

అప్పుడే పాత శాంప్లర్ మీద మనసు పడింది. ఏ శబ్దాన్నైనా కొన్ని సెకన్లు పట్టుకుని, ఒక్కో మీటకు ఒక్కో ముక్క పెట్టి, వేళ్లతో వాయించుకునే పెట్టె అది. పుంగనూరులో ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయించిన ఒకాయన దగ్గర ఉందని తెలిసి బస్సెక్కాను. ఆయనిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. బీరువా మీంచి పెట్టె దించి, తుడిచి నాకు అమ్మాడు. లోపల ఒక ఫ్లాపీ ఉండిపోయిన సంగతి ఆయనకూ గుర్తు లేదు.

గదికొచ్చి ఆ ఫ్లాపీ లోడ్ చేశాను. ఒక మీట నొక్కగానే పలక మోగింది. చావుకూ జాతరకూ కొట్టే డప్పును మా వైపు పలక అంటారు. మంటకు కాచిన తోలు దెబ్బ. దెబ్బల మధ్యలో ఎవరో దగ్గారు. ఆ వారమంతా కాలేజీ నుంచి రాగానే అదే పని. దగ్గును కత్తిరించాను, దెబ్బలన్నిటినీ మెషిన్ లెక్కకు సమానంగా సర్దాను. మొట్టమొదటిసారి ఒక బీట్ పూర్తయింది.

కుప్పంలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు తెలుగూ తమిళమూ కలిపి ర్యాప్ రాస్తుంది. బీట్ పంపితే రెండు రోజుల్లో పాడి, ఆన్‌లైన్‌లో పెడదామంది. సరేనన్నాను గాని మనసు నిలవలేదు. అది ఎవరి చెయ్యో నాకు తెలియదు. ల్యాబ్‌లో పిల్లలు ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతున్నాను. చివరికి ఆగమని ఆమెకు చెప్పి మళ్లీ పుంగనూరు వెళ్లాను.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. అయిపోయాక కూడా తీయలేదు.

"ఇది మా నాయన సెయ్యి," అన్నాడు.

ఆర్కెస్ట్రాలో వాడదామని ఒకప్పుడు తనే రికార్డు చేశాడట. పెళ్లిలో చావు పలకేందని ఆర్కెస్ట్రావాళ్లు వద్దన్నారట. నాయన పోయి చాన్నాళ్లయిందట. అడక్కుండా వాడినందుకు క్షమించమన్నాను.

"వాడుకోమ్మా, దానికేముండాది. అయితే మా నాయన రెండు దెబ్బలు ఒకే మాదిరి ఎప్పుడూ కొట్టల్యా. నువ్వు ఇటుకలు పేర్సినట్టు పేర్సేసినావు. ఆ దగ్గు యాడికి పోయింది?"

తీసేశానన్నాను.

"యాల తీసినావు? దగ్గి, ఊపిరి పీల్సుకునే కదా ఆయన మళ్లా కొట్టేది."

నా సంచిలోని శాంప్లర్ అడిగి తీసుకుని, బల్లమీది ఫోన్లు పక్కకు జరిపి, రెండు వేళ్లతో వాయించాడు. దెబ్బ ఒకచోట ముందుకు తూలింది, ఒకచోట వెనక్కి లాగింది. ఫోను కోసం వచ్చిన ఇద్దరు బల్ల దగ్గరికి జరిగారు. నేను రికార్డు చేసుకున్నాను.

ఆయన వాయించినదానికి ఆ దగ్గు మళ్లీ కలిపి కట్టిన కొత్త బీట్ వినగానే స్నేహితురాలికి కోపం వచ్చింది. మాటలు దీని మీద నిలబడవంది. ఆ శనివారం నేనే కుప్పం వెళ్లాను. వాళ్ల వరండాలో ఎన్నిసార్లు పాడినా దారి తప్పింది. ఆఖరికి రాసిన కాగితం చించేసి, కొత్తగా రాసింది. దగ్గు వచ్చినచోట తనూ ఊపిరి తీసుకుంది. అప్పుడు కుదిరింది.

పాట కింద ముందు ఆ తండ్రీకొడుకుల పేర్లు పెట్టి, తర్వాత మావి పెట్టాం. విన్నవాళ్లు తక్కువే. పుంగనూరాయన మాత్రం ఫోన్ చేసి, పెట్టెను ఒక వారం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు. తీసుకెళ్లి ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు. ఆదివారాలు నేనే ఆయన అంగడికి వెళ్తున్నాను. బేరం వచ్చి ఆయన పెట్టె ముందు నుంచి లేస్తే, వాయించడానికి నేను కూర్చుంటాను.