నాకు తగలని తూటాలు

సహోదరులారా, నగరమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మెరిసిపోతున్న ఆ రోజుల్లో షేక్‌పేటలో ఒక్క గది అద్దెకు తీసుకుని నేనూ నా భార్య మార్తమ్మా అనుభవించిన బాధ పగవాడికి కూడా వద్దు! కంప్యూటర్ పిల్లలు రెట్టింపు అద్దె ఇస్తామంటున్నారని ఇంటాయన నెలనెలా గుమ్మంలో నిలబడేవాడు. మిలిటరీలో ఉండగా విరిగిన నా ఎడమకాలు సరిగా అతకలేదు, కుంటివాణ్ణని వాచ్‌మన్‌గా కూడా ఎవరూ పెట్టుకోలేదు. మార్తమ్మే ఆయాసంతో జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కి, దారిలో మూడుచోట్ల కూర్చుని ఊపిరి తీసుకుని, ఒక సినిమావాళ్ల ఇంట్లో అంట్లు తోమి వచ్చేది, ఆ డబ్బుతో తెచ్చిన అన్నం నేను తినేవాణ్ణి!

ఆ కాలికి రావలసిన వైకల్యపు పింఛను ఇచ్చేది లేదన్నారు మిలిటరీవాళ్లు, గాయానికీ సర్వీసుకూ సంబంధం లేదట. అప్పీలు చేసుకుందామని ఫిల్మ్‌నగర్‌లో ఒక వకీలుగారి దగ్గరకు వెళితే, ముందు రూపాయి వద్దు గానీ గెలిస్తే వచ్చే పాత బకాయిలో సగం తనదన్నారు.

"సగమా! కాలు నాదండీ," అన్నాను.

"కాలు నీది, కష్టం నాది పెద్దాయనా. కంపెనీలోళ్లు నాకు గంటల లెక్కన ఇస్తున్నరు, ఎరికేనా?"

అప్పుడు సాతాను నా నాలుక మీదికెక్కాడు. సరిహద్దులో శత్రువు తూటా తగిలిందండీ అన్నాను. వకీలుగారు నిటారుగా కూర్చుని, మూడో వంతు చాలన్నారు! ఫీజు తగ్గుతోంది కదా అని ఇంకో తూటా తగిలించుకున్నాను, పావు వంతుకు దిగారు. ఇద్దరు జవాన్లను భుజాన మోసుకొచ్చానని మొదలుపెట్టేసరికి, "బస్, చాలు పెద్దాయనా, ఇంకొంచెం చెప్తే నేనే నీకు ఎదురు ఇయ్యాల్సొస్తది," అని ఆ రెండు తూటాలూ అప్పీలులో రాసేసుకున్నారు.

సహోదరులారా, నేను యుద్ధం చూడలేదు! వంటశాల దగ్గర రేషన్ లారీలోంచి ఉల్లిపాయల బస్తా దించుతూ జారిపడ్డాను, బస్తా నా కాలి మీద పడింది, అంతే. ఉల్లిపాయలంటే ఎవరు గౌరవిస్తారని మన సంఘంలో కూడా తూటా సాక్ష్యమే చెప్పాను, గుండెకు రావలసిన తూటాను ప్రభువు కాలికి మళ్లించాడంటే మీరంతా చప్పట్లు కొట్టారు, మార్తమ్మ మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కుంది.

కొన్నాళ్లకు వకీలుగారు, నా యూనిట్ నుంచి కాగితాలు ఇంకా రాలేదు, ఈలోగా నా గాయం సంగతి తెలిసిన పెద్దమనిషి చేత ప్రమాణపత్రం ఇప్పించమన్నారు. నేను నోరు తెరిచేలోపే, నాకు తోడుగా వచ్చిన మన పాస్టరుగారు, "నేనిస్తానయ్యా, నీ సాక్ష్యం ఈ చెవులతో విన్నాను కదా," అన్నారు!

సంతకం పెట్టే రోజు ఉదయం మార్తమ్మ ఆయాసంతో మంచం దిగలేకపోయింది. పక్కన మోకరించలేక నేలమీద కూలబడి ఏడ్చాను. "ప్రభువా, నిజం చెబితే పింఛను పోతుంది, ఈమె మళ్లీ ఆ ఎత్తు ఎక్కాలి. చెప్పకపోతే నీ సేవకుడు నా అబద్ధానికి ప్రమాణం చేస్తాడు. నాకు దారి చూపించు తండ్రీ!"

మంచం మీదనుంచి మార్తమ్మ అంది, "చెప్పేయండి. నేను ఎక్కుతాను."

వకీలుగారి బల్ల దగ్గర పాస్టరుగారు కలం తెరిచాక చెప్పేశాను. పాస్టరుగారు కలానికి మూత పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది! వకీలుగారే అరిచారు.

"ఉల్లిగడ్డలా! మరి డ్యూటీల ఉండంగనే గద పడ్డది?"

"అవునండీ."

"గదే కావాలె నాకు! డ్యూటీల తగిలిన దెబ్బకు పింఛను ఇయ్యాల్సిందే. తూటాలని పంపుంటే, రికార్డు రాంగనే కేసు చిత్తయిపోతుండె. అంతా మల్ల రాయాలె. ఫీజు మల్ల సగం."

నా జన్మలో మొదటిసారి బేరమాడకుండా, "అలాగేనండీ," అన్నాను. ఆ ఆదివారమే మీ ముందు నిలబడి ఒప్పుకున్నాను, కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు, అది నాకు తగినదే.

ఏడాది దాటాక పింఛను వచ్చింది, దేవునికే మహిమ! వకీలుగారి సగం పోగా మిగిలింది పెద్దాసుపత్రికి చాలలేదు, నా నోరు అదుపులో ఉండి ఉంటే ఆ డబ్బు ఇంకా ముందే చేతికొచ్చేదేమోనన్న బాధ నన్ను విడువలేదు. మార్తమ్మ పని మానేశాక ఏడు నెలలు బతికింది. నేను ప్రభువును స్తుతించేది ఆ ఏడు నెలల కోసమే. నాలాగా నాలుకకు బందీ అయినవారెవరైనా ఉంటే, జరిగింది ఎంత చిన్నదైనా ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పుకోండి, ఆయన తోసివేయడు, నన్నే తోసివేయలేదు! పనికి పరుగెత్తడంలో పెళ్లయిననాటినుంచీ చల్లారిన టీయే తాగిన నా భార్య, ఆ ఏడు నెలలూ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని టీ వేడివేడిగా తాగింది. ఇందులో ఒక్క గుటక కూడా నేను పెంచి చెప్పలేదు.