ఏసురాజు మాట, అప్పాయమ్మ నోట

గొంతులో పుండు పడి డాక్టర్లు స్వరపేటిక తీసేశాక ఏసురాజు ఇంకో పదకొండేళ్ళు బతికాడు. ఆ పదకొండేళ్ళూ అతని మాటలు భార్య అప్పాయమ్మ నోటినుంచే బయటికొచ్చాయి. అతను పెదవులు కదిపేవాడు, ఆమె చూసి పైకి చెప్పేది. కూరగాయల బండి దగ్గరైనా, బ్యాంకులోనైనా, చుట్టాల ఇళ్ళలోనైనా అంతే. తెలియనివాళ్ళు ఆమెతో మాట్లాడుతున్నామనుకునేవారు. తెలిసినవాళ్ళు మాత్రం ఆమె మాట వింటూ అతని ముఖం చూసేవారు.

అంతకుముందు ఏసురాజు మాటకారి. మాకవరపాలెం పక్క పల్లెలో చెరుకు నరికే కూలీ కొడుకు. అనకాపల్లి వచ్చి లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవరయ్యాడు. అచ్యుతాపురంలో కంపెనీలు వచ్చాక కార్మికుల బస్సు నడిపాడు. చీకటుండగానే రింగురోడ్డులో బయలుదేరి, మునగపాక మీదుగా కంపెనీ గేటు దాకా వెళ్ళేవాడు. పోయేటప్పుడూ, రాత్రి షిఫ్టువాళ్ళతో తిరిగొచ్చేటప్పుడూ దారి పొడవునా పాడేవాడు. షిఫ్టు దిగి సీట్లలో వాలిపోయినవాళ్ళకు నిద్ర చెడనంత మెల్లగా, నిలబడినవాళ్ళకు వినపడేటంతగా పాడేవాడు. అవి చర్చి పాటలే అయినా బస్సులో ఎవరూ అడ్డు చెప్పలేదు. పాడకపోతే మాత్రం "ఏటి మామా, వొంట్లో బాగోలేదా?" అని అడిగేవారు.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. అప్పాయమ్మ పెళ్ళికి ముందు విన్నది కూడా ఆ గొంతునే. తన అక్క పెళ్ళిలో ఎవరో కుర్రాడు పాడుతుంటే, వంటపాక వెనక ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె కత్తిపీట మీంచి లేచి వచ్చి పందిట్లోకి చూసింది. మరుసటి ఏడు ఆ కుర్రాడికే ఆమెనిచ్చి చేశారు.

ఇంటికొచ్చినా అతని నోరు ఊరుకునేది కాదు. ఆ రోజు బస్సులో ఎవరు ఎవరితో తగువు పడ్డారో, ఎవరికి కొడుకు పుట్టాడో చెబుతుంటేనే కూతురు సోనీ అన్నం తినేది. కొడుకు రోనాల్డ్ అతని ఒళ్ళో పడుకుని, ఆ మాటలు వింటూ నిద్రపోయేవాడు.

గొంతు బొంగురుపోయినప్పుడు రోడ్డు దుమ్మనుకున్నారు. మిరియాల కషాయం, సిరప్పులు అయ్యాయి. వేసవి దాటినా తగ్గకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, గొంతు ఉంచితే మనిషి దక్కడని చెప్పాడు. ఏసురాజు కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"బస్సు నడపొచ్చా సార్?" అని మాత్రం అడిగాడు.

ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం, వార్డులో పక్క మంచాలవాళ్ళు టీ తాగడానికి వెళ్ళినప్పుడు, అప్పాయమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఒక్కపాలి పాడండి. మెల్లగానే."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ పాడితే ఈ మందుల వాసనతోనే గురుతుంటాది నీకు. బొంగురుగానే అయినా మొన్న ఆదివారం పాడేను గదా. అది ఉంచుకో."

మెడ కింద రంధ్రంతో ఇంటికొచ్చాడు. ఊపిరి అక్కడినుంచే. దాని మీద పలచటి గుడ్డ కట్టుకునేవాడు. నవ్వినా చప్పుడు లేదు, ఏడ్చినా చప్పుడు లేదు. గొంతు దగ్గర ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చిన మాట విని అతనే ఉలిక్కిపడి బీరువాలో పెట్టేశాడు. ఒకరోజు అప్పాయమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి పని చేసుకుంటోంది. ఎందుకో వెనక్కి చూసేసరికి గుమ్మంలో ఏసురాజు నిలబడి ఉన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో. ఎంతసేపటినుంచి పిలుస్తున్నాడో తెలియదు.

"సప్పట్లు కొట్టాల్సింది" అంది ఆమె.

పశువును పిలిచినట్టు పిలవలేనని అతని పెదవులు చెప్పాయి. మర్నాడు ఆమె పొయ్యి గట్టును గుమ్మానికి ఎదురుగా మార్పించింది.

బస్సు మళ్ళీ ఇవ్వలేదు. దారిలో ఏదైనా అయితే కేకెయ్యలేని మనిషికి యాభైమందిని ఎలా అప్పగించమంటావని బళ్ళ కాంట్రాక్టరు అన్నాడు. షెడ్డులో టైర్లు, బ్రేకులు చూసే పని ఇచ్చాడు. ఏసురాజు అందులో చేరిపోయాడు. కానీ చర్చికి వెళ్ళడం మానేశాడు. ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని శారదా నది వైపు పోయేవాడు. జనం చర్చినుంచి ఇళ్ళకు చేరాక తిరిగొచ్చేవాడు.

అలా ఏడాది గడిచాక పాస్టరు ధనరాజ్ గారు ఇంటికి వచ్చారు. బైబిలు వాక్యమేమీ చెప్పలేదు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు.

"పాట ఎత్తుకునేవాళ్ళు లేరు ఏసురాజు గారూ. నేనెత్తుకుంటే సగంలో జనం వదిలేస్తున్నారు. మీరు రాకపోయినా ఫరవాలేదు, ఎవరికైనా నేర్పండి."

ఏసురాజు పెదవులు కదిలాయి. అప్పాయమ్మ చూసింది. చూసి, చెప్పకుండా నిలబడిపోయింది.

"ఏమంటున్నారమ్మా?"

"నాకు నేర్పుతారంట" అంది ఆమె. సిగ్గుతో ముఖం కందిపోయింది.

అప్పటికి ఆమె పాట వంటింటి గడప దాటి ఎరగదు. చదువూ అంతంతమాత్రమే, పుస్తకం చూసి పాడాలంటే లైను దొరికేలోపు పాట ముందుకెళ్ళిపోయేది. ఏసురాజు ఆమె మణికట్టు మీద వేళ్ళతో తాళం వేసేవాడు. స్వరం పైకెక్కాలంటే అరచెయ్యి ఎత్తేవాడు, దించాలంటే దించేవాడు. తప్పు పోతే కళ్ళు మూసుకునేవాడు. ఆ కళ్ళు మూసుకోవడం చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

"మీ గొంతు నాకెక్కణ్ణించి వత్తాదండీ?" అని ఒకరోజు ఏడ్చేసింది.

నా గొంతు ఎందుకు, నీదే చాలు అన్నాడు అతను.

ఆ క్రిస్మస్‌కు ముందే ఆమె చర్చిలో లేచి నిలబడి పాట ఎత్తుకుంది. ముందు వరసలో ఏసురాజు ఆమెకు ఎదురుగా కూర్చుని, ఒక లైను ముందుగా పెదవులు కదుపుతూ ఉన్నాడు. ఆమెది మోటు గొంతు. అయినా స్వరం తప్పలేదు. ఆ తరవాత ఏ ఆదివారమూ అతను నది వైపు వెళ్ళలేదు.

సోనీ బీఎస్సీ చదివి అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరింది. పాయకరావుపేట నుంచి మంచి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాక కుర్రాడి పెదనాన్న, పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానెయ్యాలన్నాడు. ఏసురాజు పెదవులు కదిపాడు. సంబంధం చేజారిపోతుందని అప్పాయమ్మకు భయం వేసింది.

"ఆలోసించుకుని కబురు సేత్తాం అంటన్నారు" అంది.

ఏసురాజు కుర్చీ చేతి మీద గట్టిగా చరిచాడు. గదిలో అందరూ మాట ఆపేశారు. అతను భార్య వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా అదే మాట మళ్ళీ అన్నాడు. ఆమె తల దించుకుంది.

"నేను తప్పు సెప్పేనండి. ఆ మాట మా అమ్మాయినే అడగండి అంటన్నారు."

సోనీని పిలిచారు. మాననని చెప్పింది. వాళ్ళు కాఫీలు తాగి వెళ్ళిపోయారు.

అప్పాయమ్మ కోపంతో రెండ్రోజులు అతని వైపు చూడలేదు. చూడకపోతే అతని నోరు కట్టేసినట్టేనని ఆమెకు తట్టడానికి రెండ్రోజులు పట్టింది. వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"సెప్పండి, ఏటంటారో."

ఆకలేస్తోంది అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండేళ్ళకు సోనీ తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంది. ఆ పెళ్ళిలో పాట అప్పాయమ్మే పాడింది.

పోయిన వానాకాలంలో ఏసురాజుకు ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం మెడ దగ్గరే పెట్టారు కాబట్టి ముఖానికి ఏ అడ్డూ లేదు. చివరి రోజు చాలాసేపు మాట్లాడాడు. షెడ్డు తాళాలు తనతో అక్కడ పనిచేసే తాతబ్బాయికి ఇమ్మన్నాడు. వానలో స్కూటీ మీద తిరగొద్దని సోనీకి చెప్పమన్నాడు. తరవాత పెదవులు ఎండిపోయి వణకసాగాయి, ఏ మాటో పోలిక దొరకలేదు. అప్పాయమ్మ తడిగుడ్డ అద్దుతూ ముఖంలో ముఖం పెట్టి చూసింది. అయినా తెలియలేదు. మధ్యాహ్నానికి ఆ కదలికా ఆగిపోయింది.

"ఆకర్న నాన్న ఏటన్నారమ్మా?" అని రోనాల్డ్ అడిగాడు.

ఏదో ఒకటి చెప్పొచ్చు. అతని మాట ఆమె ఎలా చెబితే అలా నమ్మేవాళ్ళే అందరూ.

"నాకు తెలీనేదు నాన్నా" అంది.

జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్ద ఒకాయన అదే అడిగాడు. ఆమె లేచి తాళాల సంగతి, స్కూటీ సంగతి చెప్పింది. ఆ తరవాతవి అర్థం కాలేదని కూడా చెప్పింది. ఆయన ఇంకేదైనా వస్తుందేమోనని కాసేపు చూశాడు. వెనక వరసల్లో ఒకప్పుడు అతని బస్సెక్కిన కార్మికులు కొందరు టోపీలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తరవాత అందరికీ భోజనాలు పెట్టారు.

సోనీ తల్లిని అచ్యుతాపురం తీసుకెళ్ళింది. అప్పాయమ్మ వారం ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఒక్కతే వచ్చేసింది. ఆదివారం చర్చిలో నిలబడి పాట ఎత్తుకుంది. రెండో చరణంలో అలవాటుగా ముందు వరస వైపు చూసి, మాట అందక ఆగిపోయింది. జనం అందుకుని పాడారు. ఆమె ఊపిరి తీసుకుని వాళ్ళతో కలిసింది.