కాయ సూసి పాడండప్పా

మా అన్న మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం వేసేవాడు. క్రేట్ల పక్కన నిలబడి "రాండప్పా రాండి, కాయ సూసి పాడండప్పా" అని ఒక్క కేక పెడితే, మండీ ఆ చివర టీ తాగుతా ఉండే యాపారి కూడా గ్లాసు పెట్టేసి వచ్చేవాడు. మైకు ఇస్తామంటే నవ్వేవాడు. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. మాట పుట్టే పెట్టెను తీసేస్తే గానీ మనిషి దక్కడన్నారు.

నేను కుప్పంలో ఉంటా. ఫోన్లలో వాడే యాప్‌లు రాయడం నా పని. ఆపరేషనుకు ముందు పుంగనూరులో అన్న ఇంట్లోనే ఉండి, ఆయప్ప ఫోనుకు ఒక యాప్ రాసిచ్చినా. అన్నకు అంకెలొస్తాయి గానీ చదవడం రాదు, అందుకే అన్నీ బొమ్మలే. కంచం బొమ్మ నొక్కితే "ఆకలయితాంది". మంచం బొమ్మ నొక్కితే "రొంతసేపు పండుకుంటా". అన్నీ అన్న గొంతే. ఒక్కో మాట చెప్పి, "సాలా?" అని నా మొహం చూసేవాడు. చివర్లో నేను అడక్కుండానే ఫోను దగ్గరికి లాక్కోని, "పాపా, తింటివా?" అన్నాడు. నన్ను ఆయప్ప పిలిచేది అట్లనే, దానికి నా ఫోటో పెట్టినా.

"ఈ యాప్‌ను ఎవురన్నా తీసేస్తే మాటలన్నీ పోతాయి అన్నా, జాగ్రత్త" అని కూడా చెప్పినా. తలూపినాడు.

తర్వాత ఆ ఫోనే అన్న నోరయింది. తాడు కట్టి మెళ్లో ఏసుకోని తిరిగేవాడు. కానీ రికార్డు చెయ్యని మాటలు ఎన్ని ఉండాయో అప్పుడు గదా తెలిసేది! "ఉక్కపోస్తాంది" లేదు. "నన్నొదిలెయ్యండి" లేదు. అందుకని నేను రాసి బొమ్మకు పెట్టే ఏ మాటయినా మిషను గొంతుతో పలికే లైబ్రరీ ఒకటి తెచ్చి యాప్‌కు తగిలిచ్చినా. లైబ్రరీ అంటే ఎవురో రాసిపెట్టిన పనిముట్టు, మనం తెచ్చి వాడుకుంటాం. నా ఫోన్లో బాగా పనిచేసింది. అన్నకు పంపినా.

మర్నాడు పొద్దున వదిన ఫోన్ చేసింది. "బొమ్మ తెరిస్తే అట్ల మెరిసి మూసుకుపోతాంది మా. ఏమయిందో సూడు." వదిన సోమలలో బడి పిల్లోళ్లకు వంట చేస్తాది. అప్పటికే బస్సెక్కేసింది, ఫోను అన్న కాడ ఉండాది. నేను వెంటనే అన్నకు కాల్ చేసినా. మోగింది. ఎవురో కట్ చేసినారు. మాట రానోడు ఎత్తి ఏం చెప్తాడు, విసుగుపుట్టి కట్ చేసుంటాడులే అనుకోని పనిలో కూర్చున్నా.

తప్పు యాడుండాదో బిన్నే, గంటలోపలే దొరికింది. రికార్డు వినిపించే లైబ్రరీ, మిషను గొంతు లైబ్రరీ, రెండూ అడుగున ఇంకో చిన్న లైబ్రరీ మీద ఆధారపడి ఉండాయి. ఒకదానికి దాని పాత వెర్షన్ కావాల, ఇంకోదానికి కొత్తది. యాప్‌లో పట్టేది ఒక్కటే. నన్నడక్కుండా కొత్తదే వచ్చి కూర్చుంది. పాత మిల్లుకు కొత్త బెల్టు తగిలిచ్చినట్ల, అన్న పాత ఫోన్లో అది తిరగలా. మిషను గొంతు లైబ్రరీలో ఒక వెర్షన్ వెనక్కి పోతే రెండింటికీ సరిపడేది దొరికింది. దొరికేసరికి మధ్యాన్నం దాటింది. పంపినా. అప్పుడు లేచి అన్నం తిన్నా.

సాయంత్రం వదిన ఇంటికొచ్చి దాన్ని ఎక్కిచ్చి, వీడియో కాల్ చేసింది. యాప్ తెరుచుకుంది. బొమ్మలన్నీ ఉండాయి. వదిన కంచం నొక్కింది. సప్పుడు లేదు. మంచం నొక్కింది. లేదు. "సౌండు పెంచు వదినా" అన్నా. అన్న గోడకానుకోని కూర్చోనుండాడు, ఫోను పక్క చూడను కూడా చూడలా.

పొద్దున సెల్లంగడికి పోయినాడంట. నా కాల్ కట్ చేసింది అంగడాయప్ప. ఆయప్పేం చెడ్డోడు కాదు. రిపేరు చేసేవాళ్లు ఎవురయినా ముందు చేసేది అదే, యాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అన్న వద్దు వద్దని చేతులాడిచ్చినాడంట. గల్లాబల్ల మీదికి వంగి ఫోను లాక్కోబోయినాడంట. "ఉండప్పా, యాల తొందర, అయిపోయింది" అని ఆయప్ప తీసేసినాడు. వద్దు అనే మాట ఆ ఫోన్లోనే ఉండాది. అన్న చేతుల్తో చూపిచ్చినదంతా వదిన నాకు మాటల్లో చెప్పింది. చెప్తా చెప్తా ఏడ్చేసింది.

ఇంకో కాపీ యాల పెట్టుకోలేదని ఆఫీసులో అడిగినారు. వాళ్ల నోరు మూయించేంత కోపమొచ్చింది. నాకు ఆ గొంతు కావాల. కోపం దేనికి?

మిషను గొంతు మాత్రం నిక్షేపంగా ఉండాది. "నాకు ఆకలిగా ఉన్నది" అని వార్తలు చదివినట్ల చెప్తాది. అన్న ఒక్కసారి విని ఫోను బోర్లించినాడు. మళ్లీ దాన్ని నొక్కలా.

మార్కెట్లో అందర్నీ అడిగినా. అన్నతో పనిచేసినాయన ఫోన్లో పాత వీడియో ఒకటి దొరికింది. లారీల హారన్ల నడాన, ఒకే ఒక్క కేక. దాన్ని కోసి ఒక బొమ్మకు పెట్టిచ్చినా. పాపా అనే మాట యాడా దొరకలా.

ఇప్పుడు ఆకలయినా, నొప్పొచ్చినా, గొంతులో పెట్టిన గొట్టం అడ్డం పడినా అన్న ఆ ఒక్క బొమ్మే నొక్కుతాడు. "రాండప్పా రాండి, కాయ సూసి పాడండప్పా." వదిన పొయ్యి కాడ్నించి పరిగెత్తుకొచ్చి, "ఏం కావాలయ్యా?" అని అడుగుతాది. అన్న ఆయమ్మ మొహంలోకి చూసి, మళ్లీ అదే నొక్కుతాడు.