జీలకర్ర-బెల్లం దగ్గర తెగిన బొమ్మ

పెళ్ళి వీడియోలు తీసే మా వాళ్ళలో ఒక కట్టడి ఉండేది. అడ్డుతెర పట్టిన దగ్గర్నుంచి మూడుముళ్ళు పడేదాకా కెమెరా ఆపకూడదు. ఆపితే అశుభమని పెద్దవాళ్ళు అనేవారు. శుభాశుభాల సంగతి నాకు తెలియదు. ఆపి మళ్ళీ నొక్కేలోపు ఏదో ఒకటి జరిగిపోతుందని మాత్రం తెలుసు. అందుకే నేనూ ఆపేవాణ్ణి కాదు. క్యాసెట్ల కాలమంతా ఆ కట్టడి నన్ను కాపాడింది. హెచ్‌డీ కెమెరా వచ్చాక అదే నా మెడకు చుట్టుకుంది.

రెండువేల దశకం చివర్లో తిరువూరులో నా స్టూడియోకి ఆ కెమెరా వచ్చింది. బెజవాడలో అమ్మినవాడు, "క్యాసెట్టు గొడవే లేదండి, కార్డు తీసి కంప్యూటర్‌కి పెట్టండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది," అన్నాడు. బాగానే చూసుకుంది! తాళి కట్టే చెయ్యి అంగుళం కదిలి ఆగేది, మళ్ళీ అంగుళం కదిలేది. మంత్రం ఎక్కడో, పంతులుగారి పెదవులు ఎక్కడో. పెళ్ళంతా ఎక్కిళ్ళే.

ఎందుకలా అని అడిగితే చెప్పే నాథుడు లేడు. పెట్టెలో వచ్చిన పుస్తకంలో నవ్వుతున్న తెల్లపిల్లల బొమ్మలు తప్ప పనికొచ్చే ముక్క లేదు. ఇంటర్నెట్ సెంటర్లో డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని, ఏ దేశం వాళ్ళో రాసుకున్న మాటలు కూడబలుక్కుంటూ చదివితే విషయం తెలిసింది. ఆ కెమెరా ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. ఒకదాన్ని పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో కదిలినంత మేరకే గుర్తుపెట్టుకుంటుంది. మనం ఎక్కడ ఆపినా కంప్యూటరు వెనకా ముందూ తడుముకుని ఆ బొమ్మను మళ్ళీ కట్టుకోవాలి. నా పాత డబ్బాకి అంత ఓపిక ఎక్కడిది? అందుకని ఎడిటింగుకి ముందే ఫుటేజీ మొత్తాన్ని, ప్రతి బొమ్మా నిండుగా ఉండే పెద్ద ఫైళ్ళలోకి కన్వర్ట్ చేసుకోవాలి. ఒక్క పెళ్ళికి పూటలు పట్టేది. అయ్యాక మాత్రం బొమ్మ మంచినీళ్ళలా పారేది.

ఆ వైశాఖంలో ఊళ్ళోని ఒక పప్పుల మిల్లు షావుకారు కొడుకు పెళ్ళి తీశాను. చేయించింది గంపలగూడెం వైపు ఒక ఊరి గుడి అర్చకులు. ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆయన చేతిమీదుగానే జరిగేవి. లగ్నం వేళకి జీలకర్ర-బెల్లం పట్టుకున్న చేతులు పైకి లేచాయి, ఎందుకో కాసేపు గాలిలో ఆగాయి, తర్వాత తలల మీదికి వచ్చాయి. జనం గోలలో ఎందుకు ఆగాయో ఎవరూ పట్టించుకోలేదు, కెమెరాకి కన్ను అంటించుకున్న నేనూ పట్టించుకోలేదు.

పదహారురోజుల పండుగ అయిన కొద్దిరోజులకే పెళ్ళికొడుకు మోటారుసైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో షావుకారుకి ఆ ఆగిన చేతులు గుర్తొచ్చాయి. పంతులుగారు సెల్‌ఫోన్లో మాట్లాడుతూ లగ్నం దాటించేశారని మిల్లు దగ్గర మొదలుపెట్టాడు. మిల్లుకి రాని ఊరుందా? మాట ప్రతి ఊరికీ పాకింది. పంతులుగారికి ముహూర్తాలు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే, "మా బంధువుల్లో ఒకాయన చేయిస్తానన్నారండి," అంటూ తప్పుకున్నారు.

ఆ గొడవల మధ్యలో నేను డీవీడీ తీసుకుని షావుకారు ఇంటికి వెళ్ళాను. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. చేతులు పైకి లేచాయి. ఠక్కున బొమ్మ ఎగిరింది. మరుక్షణం చేతులు తలల మీదున్నాయి. మధ్యలో శబ్దం కూడా లేదు.

"ఆపు, ఆపవయ్యా!" షావుకారు లేచి నిలబడ్డాడు. "ఎంతిచ్చాడేంటి పంతులు, ఆ ముక్క కొయ్యడానికి?"

"నేనేం కొయ్యలేదు షావుకారుగారూ."

"కొయ్యకుండా అదే తెగిందా? సరిగ్గా అక్కడే?"

నిజమే, సరిగ్గా అక్కడే. ఇన్నేళ్ళలో నా పనిని వంకరగా ఉందన్నవాళ్ళున్నారు, ఆలస్యమన్నవాళ్ళున్నారు, దొంగతనం అన్నవాడు ఆయనొక్కడే. ఒళ్ళు మండిపోయింది.

"రేపు మధ్యాహ్నం నా కొట్టుకి రండి. ఆ ముక్క చూపిస్తాను. చూపించలేకపోతే బోర్డు పీకేస్తా."

"వస్తా. నలుగుర్నీ తీసుకునే వస్తా."

కొట్టుకొచ్చి రాత్రంతా వెతికితే జరిగింది అర్థమైంది. నేను ఆపకుండా తీసిన షాటు కార్డులో ఒకే ఫైలుగా లేదు. ఫైలు ఒక సైజు దాటాక కెమెరా తనంతట తానే తెంపి, రెండో ఫైలు మొదలుపెట్టింది. ఆ అతుకు జీలకర్ర-బెల్లం దగ్గర పడింది. రెండు ముక్కల్నీ విడివిడిగా కన్వర్ట్ చేస్తే అతుకు దగ్గరి బొమ్మలు కొన్ని, శబ్దం కొంత రాలిపోయాయి. ముందు రెండింటినీ అతికించి, ఆ తర్వాత కన్వర్ట్ చెయ్యాలట. చెప్పిన పాపాన ఎవడు పోయాడు? కెమెరాలోంచే నేరుగా చూపిద్దామంటే కార్డు తుడిచేసి మరో పెళ్ళికి వాడేశాను. కంప్యూటర్లోకి ఎక్కించుకున్న ఫైళ్ళే దిక్కు, వాటిని అలాగే వేస్తే మళ్ళీ ఎక్కిళ్ళే.

మర్నాడు పొద్దున్నే పంతులుగారు షేర్ ఆటోలో దిగారు. కబురు ఆయనదాకా వెళ్ళిపోయింది.

"ఏవండీ, ఆ ముక్క ఉందా?"

"ఉండాలండి పంతులుగారూ. అసలు ఆ చేతులు ఎందుకు ఆగాయి?"

"ఆగమన్నారు, ఆగాయి."

"ఎవరన్నారు?"

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు. "నేను చెబితే చాడీ అవుతుంది. ఉంటే అదే చెబుతుంది."

"లేకపోతే?"

"లేకపోతే నాకింక పెళ్ళిళ్ళు లేవు. అంతేగా!"

ముక్కలు రెండూ అతికించి కన్వర్షను మొదలుపెట్టాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కంప్యూటరు వేడెక్కితే మధ్యలో ఆగిపోయే రకం. పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను దాని పొట్టలోకి తిప్పాను. మాకు గాలి లేదు. తెరమీద ఆకుపచ్చ గీత నత్తలా పాకుతోంది. మధ్యాహ్నం కరెంటు కోత ఉంది. ఈలోపు గీత చివరికి చేరకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నాకు నమ్మకం లేదు.

షావుకారు అన్నట్టే నలుగురితో వచ్చాడు. "ఇంకా వండుతున్నావా? ఇంతసేపు ఏం కలుపుతున్నావయ్యా అందులో?"

"కళ్ళెదురుగా ఉందిగా, చూడండి."

"గీత చూడ్డానికి వచ్చామేంటి?"

పంతులుగారు మూల స్టూలు మీద కూర్చుని గీతనే చూస్తున్నారు, పెదవులు కదుపుతూ. ఏ స్తోత్రమో నాకు వినబడలేదు. గీత చివరికొస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఇన్వర్టర్ ఒక్కసారి కీచుమని అరిచి కంప్యూటర్ని నిలబెట్టింది. నేను ఫ్యాను బదులు అట్టముక్క పట్టుకుని విసరడం మొదలుపెట్టాను. షావుకారు వెంట వచ్చిన ఒకాయన నవ్వాడు. "కంప్యూటర్‌కి వింజామరలు వీస్తున్నాడ్రోయ్!" ఎవరూ ఆయనతో నవ్వలేదు.

అయిపోయింది. ఫైలు తెరిచాను.

చేతులు లేచాయి. "లగ్నం వచ్చింది, పెట్టండమ్మా," పంతులుగారి గొంతు. వెంటనే కెమెరా పక్కనుంచే, ఇంకో గొంతు, "ఆగండాగండి! మా బావగారు రానీండి." చేతులు ఆగాయి. "ఆయన కోసం లగ్నం ఆగదు బాబూ," అంటూ పంతులుగారు ముందుకు వంగి ఇద్దరి మణికట్లూ పట్టుకుని తనే తలల మీద పెట్టించారు. మేళం మోగింది. ఆయన చేతిలో ఫోను లేదు.

నేను ఎవరూ అడక్కుండానే మళ్ళీ వేశాను. ఆ "ఆగండాగండి" ఎవరిదో కొట్టులో అందరికీ తెలుసు. షావుకారు మెడ ఎర్రబడింది.

"సరేలే. పెళ్ళి హడావుడిలో లక్ష అంటాం. ఆ ముక్క తీసేసి డీవీడీ ఇచ్చెయ్."

"నిన్న కోశానని తిట్టారు. ఇవాళ కొయ్యమంటారా?"

"నా పెళ్ళి వీడియో, నా ఇష్టం."

పంతులుగారు స్టూలు మీంచి లేచారు. "తీయించుకోండి షావుకారుగారూ, అబ్బాయీ కోడలూ చూసుకునేది. అందులో మన తగువెందుకు? కాకపోతే ఆ మాట మిల్లు దగ్గర అన్నారు. ఇది కూడా అక్కడే చెప్పండి."

"ఏమని?"

"నేను ఆపలేదని."

"ఎందుకండీ అంత దూరం, మావాళ్ళంతా విన్నారుగా..."

"కాటాకి వచ్చేవాళ్ళు వినలేదు."

షావుకారు తన వెంట వచ్చినవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో పెద్దాయన, "వెళ్దాం పద బావా, చెప్పేసేయ్," అన్నాడు. అంతా నడిచి మిల్లుకి వెళ్ళారు. కొట్టుకి తాళం వేసి నేనూ వెళ్ళాను, మానతానా? కందుల బస్తాల మధ్య నిలబడి షావుకారు ఏదో గొణిగాడు. కాటా దగ్గరున్న రైతు, "ఏంటండీ?" అన్నాడు.

"గట్టిగా చెప్పండి," అన్నాను. "మొన్న చెప్పినంత గట్టిగా."

నావైపు ఉరిమి చూసి, చెప్పాడు. "మా పెళ్ళిలో లగ్నం ఆపబోయింది నేనేనయ్యా. పంతులుగారు ఆపనివ్వలేదు."

పంతులుగారు ఆయనకు నమస్కారం పెట్టి బస్టాండు వైపు నడిచారు. ఆ మాట ఊళ్ళకు చేరింది, కానీ మొదటి మాటంత తొందరగా చేరలేదు. జ్యేష్ఠంలో మిగిలిన ముహూర్తాలన్నీ వేరేవాళ్ళే చేయించారు. శ్రావణంలో ఆయన మళ్ళీ పీటల ముందు కూర్చోవడం నేను కెమెరాలోంచి చూశాను.